నిశ్చింతగా నైట్ డ్యూటీ: వార్డు సిస్టర్లకు చిట్కాలు

వార్డు నిండా మెడికల్, సర్జికల్ పేషెంట్లు, డ్యూటీలో ఇద్దరే సిస్టర్లు. అయినా గాభరా వద్దు. చూడాల్సింది పేషెంటును కాదు, కేస్ షీటును. ఇది ఒంటబడితే రాత్రి హాయిగా గడిచిపోతుంది.

1. శ్వాస లెక్కపెట్టకండి. నిమిషంపాటు ఒకరి ఛాతీ చూస్తూ నిలబడటం దండగ. పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 దాకా మామూలే కాబట్టి ఒకరికి 18, పక్కవారికి 20, ఆ పక్కవారికి మళ్లీ 18 రాసేయండి. చార్టు సహజంగా ఉంటుంది. బీపీ పడిపోవడానికి గంటల ముందే శ్వాస వేగం పెరగవచ్చని మీకు పాఠం చెప్పే ఉంటారు. లెక్కపెట్టకూడనిది అందుకే. 26 అని తేలితే రాయాలి, రాస్తే డ్యూటీ డాక్టరును లేపాలి, లేపితే ఆయన వచ్చి ఆక్సిజన్ అంటాడు, రక్త పరీక్షలంటాడు, ఎక్స్‌రే అంటాడు. 18 రాస్తే ఏ పనీ పుట్టదు.

2. గొంతు పెద్దదైన వారి దగ్గరికే ముందు వెళ్లండి. వాయుమార్గం, శ్వాస, రక్తప్రసరణ అన్న వరుస పరీక్ష పేపర్లో రాయడానికి. వార్డు వరుస వేరు: ఫ్యాన్ తిరగట్లేదని గొడవపడే అటెండెంటు మొదట, ఎమ్మెల్యేగారి తాలూకు పేషెంటు తర్వాత. సాయంత్రం కబుర్లు చెప్పి, ఇప్పుడు చెమటలు పట్టి మగతగా పడి ఉన్న షుగర్ పేషెంటు ఎవరినీ ఇబ్బంది పెట్టట్లేదు. ‘నిద్రపోతున్నారు’ అని రాయండి. గ్లూకోమీటరు తీశారో, 70 కన్నా తక్కువ రావచ్చు. అప్పుడు గ్లూకోజు ఇవ్వాలి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి.

3. ఆపరేషనైన వారి కట్టు పైనుంచి చూస్తే చాలు. దుప్పటి ఎత్తకండి, ఒత్తిగిలించకండి. కారిన రక్తం నడుము కిందికి చేరుతుంది కాబట్టి పైనుంచి అంతా పొడిగానే ఉంటుంది.

4. గంటకు కిలోకు అర మిల్లీలీటరు మూత్రం రావాలి. అంటే 60 కిలోల మనిషికి 30. తెల్లారేసరికి బ్యాగులో అడుగంటి ఉంటే పారబోసేయండి. ఎంత వచ్చిందని అడిగితే, కొలవకుండానే ఆయా పారబోసిందనండి. ఆమె డ్యూటీ దిగి వెళ్లిపోయి ఉంటుంది, కాదనదు.

5. రక్తం ఎక్కించడం మొదలుపెట్టాక మొదటి 15 నిమిషాలు పక్కనే ఉండమంటారు. టీకి సరిగ్గా సరిపోయే సమయమది. చలి, నడుంనొప్పి అంటే ఇంకో దుప్పటి కప్పండి.

6. కదల్లేని వారిని 2 గంటలకోసారి పక్కకు తిప్పినట్టు తెల్లారిందాకా టిక్కులన్నీ డ్యూటీ ఎక్కగానే పెట్టేయండి. పుండు పడితే ‘చేరినప్పుడే ఉంది’ అనండి. ఈ మాట నిలబడాలంటే చేరిన రోజు చర్మం ఎలా ఉందో ఎక్కడా రాసి ఉండకూడదు. ఈ జాగ్రత్త ముఖ్యం, చాలామంది ఇక్కడే దొరికిపోతారు.

7. ‘సిస్టర్‌గారూ, నాన్న రాత్రి నుంచి ఎందుకో తేడాగా ఉన్నాడండీ, నన్ను గుర్తుపట్టట్లేదు’ అని కూతురు వస్తుంది. ‘పెద్ద వయసు కదమ్మా, కొత్త చోటు’ అనండి. మళ్లీ వస్తే అటెండెంట్లు వార్డులో ఉండకూడదన్న రూలు గుర్తుచేయండి. మూడోసారి రాదు.

8. డ్యూటీ అప్పగించేటప్పుడు బెడ్ల దగ్గరికి నడవకండి. టేబుల్ దగ్గరే ‘అందరూ స్టేబుల్’ అనేసి సంతకం పెట్టించుకోండి. తొమ్మిదింటికి ఆ పెద్దాయన్ని ఐసీయూకి మార్చినా అది మార్నింగ్ వాళ్ల ఖాతాలోనే పడుతుంది. ఇంటికెళ్లి ఫోన్ ఆపేసి పడుకోండి.