తగిన మేరకు

అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేసిన కుర్రాణ్ణి ఎవరినైనా అర్ధరాత్రి లేపి "రీటెస్టింగ్‌కీ రిగ్రెషన్ టెస్టింగ్‌కీ తేడా ఏమిటి?" అని అడగండి. కళ్లు తెరవకుండానే చెప్పేస్తాడు. తప్పు దిద్దాక అదే చోట మళ్లీ చూసుకోవడం రీటెస్టింగ్, ఆ దిద్దడంలో ఇంకెక్కడైనా ఏదైనా చెడిందేమో చూసుకోవడం రిగ్రెషన్. హాల్లో ఫ్యాను బాగుచేయించాక ఫ్యాను తిరుగుతోందా అని చూస్తే మొదటిది, వంటింట్లో మిక్సీ ఇంకా తిరుగుతోందా అని చూస్తే రెండోది. ఈ మాత్రం చెప్పలేనివాణ్ణి మొదటి రౌండులోనే ఇంటికి పంపేస్తారు.

అలా పంపేసిన కంపెనీయే అదే నెలలో కోట్ల రూపాయల కాంట్రాక్టు మీద సంతకం పెడుతుంది. అందులో రిగ్రెషన్ గురించి ఉండేది ఒకే ఒక్క వాక్యం: "ప్రతి రిలీజుకు ముందు విక్రేత తగిన మేరకు రిగ్రెషన్ టెస్టింగ్ నిర్వహించవలెను." ఎంత మేరకు, ఎవరికి తగిన మేరకు అని అడిగేవాళ్లు లేరు. కాంట్రాక్టు రాసేవాళ్లకి టెక్నికల్ రౌండు ఉండదు కదా.

అలాగని కాంట్రాక్టులు నిర్వచనాల దగ్గర పిసినారితనం చూపిస్తాయనుకోకండి. మొదటి పది పేజీలూ అవే. "రోజు" అంటే ఏమిటి, "పనిదినం" అంటే ఏమిటి, "ఈ కాంట్రాక్టు" అనగా ఈ కాంట్రాక్టు. ఏకవచనంలో బహువచనమూ, పుంలింగంలో స్త్రీలూ ఇమిడి ఉంటారని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం మన దేశ చట్టాలకి ఎప్పుడో చెప్పింది. చూసి ముచ్చటపడి కాంట్రాక్టుల్లోనూ ఆ పేరా పెట్టుకుంటారు. భూకంపం, వరద, యుద్ధం, మహమ్మారి... దేవుడు చేసే పనులకు కూడా నిర్వచనం ఉంది. శుక్రవారం రాత్రి మాదాపూర్‌లో కూర్చుని పిల్లలు చేయబోయే పనికి మాత్రం లేదు.

పాపం, మరిచిపోయి ఉంటారులే అని జాలిపడకండి. ఉభయులూ తెలిసే వదిలేస్తారు. క్లయింటు మనసులో "తగిన మేరకు" అంటే మొత్తం. విక్రేత మనసులో వీలైనంత. ఎదుటివాడు ఈ సంగతి కనిపెట్టలేదని ఇద్దరూ లోలోపల మురిసిపోతూ సంతకాలు చేసి బొకేలు ఇచ్చిపుచ్చుకుంటారు. నిర్వచనం రాస్తే ఈ మురిపెం కాస్తా పోతుంది. రాసిన మరుక్షణం దానికి ధర కట్టాలి. పూర్తి రిగ్రెషన్ అంటే ఇన్ని వారాలు, ఇంతమంది, ఇంత డబ్బు. ఆ అంకె చూడగానే క్లయింటు పర్చేజింగ్ విభాగం నుంచి ఎవరో ఒకాయన కళ్లజోడు సవరించుకుని, "పోయిన నెల పనిచేసినదాన్ని ఈ నెల కూడా పనిచేస్తోందా అని చూడ్డానికి మేమెందుకండీ కట్టాలి?" అంటాడు. వినడానికి ధర్మసందేహంలాగే ఉంటుంది.

దానికి జవాబు 1975లోనే వచ్చింది. ఫ్రెడ్ బ్రూక్స్ 'ది మిథికల్ మ్యాన్ మంత్' అనే పుస్తకంలో చెప్పాడు: ఒక తప్పు దిద్దినప్పుడు ఇంకో తప్పు దూరే అవకాశం 20 నుంచి 50 శాతం దాకా ఉంటుంది, అందుకని సిద్ధాంతం ప్రకారం ప్రతి దిద్దుబాటు తర్వాతా పాత పరీక్షలన్నీ మళ్లీ నడపాలి, అది బాగా ఖర్చయ్యే పని. మొదటి రెండు ముక్కలూ ఇంజనీర్లు చదువుకున్నారు. మూడోది పర్చేజింగ్ విభాగం చదువుకుంది.

చట్టం కూడా కలం పట్టినవాడి పక్షాన లేదు. వాక్యానికి రెండర్థాలు వస్తే దాన్ని రాసినవాడికి వ్యతిరేకంగా చదవాలని పాత న్యాయసూత్రం ఒకటుంది. అందుకే నిర్వచనం దగ్గరికి వచ్చేసరికి "డ్రాఫ్టు మీరే పంపండి సార్", "అబ్బే, పెద్దవారు, మీరు రాస్తేనే బాగుంటుంది" అని ఎక్కడలేని మర్యాదలూ మొదలవుతాయి. చివరికి లాయర్లు ఇంకో క్లాజు చేరుస్తారు: ఈ కాంట్రాక్టును ఉభయులూ కలిసి రాసినట్టు భావించవలెను. ఎవరూ రాయని వాక్యానికి ఇద్దరు రచయితలు దొరుకుతారు.

మన 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 29వ సెక్షన్ చదివితే ఇంకా ముచ్చటేస్తుంది. అర్థం తేలని, తేల్చడానికి వీల్లేని ఒప్పందం చెల్లదంటుంది. కింద ఉదాహరణ కూడా ఉంది. ఒకాయన వంద టన్నుల నూనె అమ్ముతానని ఒప్పుకున్నాడు. ఏ నూనో చెప్పలేదు. చెల్లదు. అదే ఆయన కొబ్బరినూనె తప్ప ఇంకేదీ అమ్మని వ్యాపారి అయితే, కొబ్బరినూనే అని తెలుస్తుంది కాబట్టి చెల్లుతుంది. సాఫ్ట్‌వేర్ విక్రేత దుకాణంలో ఈ సౌకర్యం లేదు. స్మోక్, శానిటీ, పాక్షికం, పూర్ణం, అన్ని డబ్బాలూ వరసగా ఉంటాయి. అన్నింటి మీదా అంటించిన లేబులు మాత్రం రిగ్రెషన్ అనే. ఇంతకీ ఈ ఒక్క క్లాజు తేలనంత మాత్రాన కాంట్రాక్టు మొత్తం కొట్టుకుపోతుందని క్లయింట్లు భయపడక్కర్లేదు. చెల్లని క్లాజుని పక్కన పెట్టి మిగతావి నిలబడతాయని ఇంకో క్లాజు ఉంటుంది. ఇన్‌వాయిస్‌లు ఆ మిగతావాటిలో ఉంటాయి.

ఏ రిలీజో కొంప ముంచాక, అప్పుడు కూర్చుంటారు నిర్వచనం రాయడానికి. క్లయింటు వైపు నుంచి "మార్పు వల్ల ప్రభావితమయ్యే మాడ్యూళ్లన్నీ" అని వస్తుంది. విక్రేత వైపు నుంచి అది "మార్చిన మాడ్యూళ్లు" అయి తిరిగి వెళ్తుంది. "ముట్టుకోనిదాన్ని ఎందుకండీ పరీక్షించడం? అదలాగే ఉంటుంది కదా!" అంటాడు డెలివరీ మేనేజరు, చిన్నపిల్లాడికి చెబుతున్నట్టు. ఏరియాన్ 5 రాకెట్ కూడా సరిగ్గా ఇదే ధీమాతో లేచింది. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి. దిశ చెప్పే సాఫ్ట్‌వేర్ ఏరియాన్ 4లో చక్కగా పనిచేసిందే. దాన్ని ఎవరూ చెడగొట్టలేదు, చుట్టూ ఉన్న రాకెట్టు మారిందంతే. కొత్త రాకెట్టు పక్కకి సాగే వేగం ఎక్కువ. 64 బిట్ల అంకెని 16 బిట్లలో కుక్కబోయి లెక్క తప్పింది. 40 సెకన్లకల్లా తునాతునకలు. ఇంకా తమాషా, రాకెట్టు లేచాక ఆ లెక్కతో పనే లేదు. కొత్త ప్రయాణమార్గం అంకెలు పెట్టి ఆ భాగాన్ని ఒకసారి నడిపి ఉంటే నేల మీదే బయటపడేది. పాపం, ముట్టుకోలేదు కదా.

సరే, "ముట్టుకోనివి కూడా" అని విక్రేత ఒప్పుకున్నాడే అనుకుందాం. వెంటనే పక్కన బ్రాకెట్టు పడుతుంది: "వాడుకలో ఉన్న ఫీచర్లు మాత్రమే." ఇది మరీ న్యాయంగా వినిపిస్తుంది. ఎవరూ వాడనిదాన్ని పరీక్షించడం దండగ. నైట్ క్యాపిటల్ అనే అమెరికా బ్రోకరేజి సంస్థ కథ వింటే ఈ బ్రాకెట్టు ఖరీదు తెలుస్తుంది. ఆ సంస్థ సాఫ్ట్‌వేర్‌లో 'పవర్ పెగ్' అనే పాత ముక్క ఒకటుండేది. 2003లో వాడటం మానేశారు, తీసెయ్యడం మాత్రం మానేశారు. 2005లో, ఎన్ని షేర్లు కొన్నామో లెక్కపెట్టి ఇక చాలనే భాగాన్ని ఇంకో చోటికి జరిపారు. జరిపాక పవర్ పెగ్‌ని మళ్లీ పరీక్షించలేదు. వాడటం లేదు కదా! ఏడేళ్లు అది హాయిగా నిద్రపోయింది.

2012లో కొత్త ఫీచరు పెడుతూ, పవర్ పెగ్‌ని లేపే పాత జెండానే (ఫ్లాగ్) కొత్తదానికి కేటాయించారు. కొత్త కోడ్‌ని ఎనిమిది సర్వర్లలో ఏడింటికే ఎక్కించారు. ఎనిమిదో సర్వరులో పాతది లేచింది. ఆగస్టు 1న మార్కెట్ తెరిచాక 45 నిమిషాల్లో 212 ఆర్డర్లు నెరవేర్చబోయి 40 లక్షల పైచిలుకు లావాదేవీలు చేసింది. ఇక చాలని చెప్పే భాగం 2005లోనే వేరే చోటికి కాపురం మార్చింది మరి. నష్టం 46 కోట్ల డాలర్ల పైమాటే. మార్కెట్ తెరవకముందే పవర్ పెగ్ పేరు పెట్టి మరీ 97 ఈమెయిళ్లు వెళ్లాయని ఆ దేశపు నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ తన ఉత్తర్వులో రాసింది. ఎవరూ పట్టించుకోలేదట. ఆఫీసులో ఆటోమేటిక్ ఈమెయిళ్లు అందుకునే ఏ మనిషికీ ఈ ఒక్క విషయంలో వాళ్లని తప్పుపట్టే మొహం ఉండదు. 2013లో 1.2 కోట్ల డాలర్ల జరిమానా కూడా పడింది. 2005లో ఆ ఒక్క పరీక్షకి ఎంతయ్యేదో మీరే ఊహించుకోండి, పర్చేజింగ్ విభాగం వద్దన్నా సరే.

బ్రాకెట్టు తీసేస్తారు. ఇంకోటి వస్తుంది: "కోడ్ మార్పులకు మాత్రమే, కాన్ఫిగరేషన్, డేటా, కంటెంట్ మార్పులకు వర్తించదు." 2024 జూలై 19న ప్రపంచం మొత్తానికి నీలిరంగు తెర చూపించింది ఈ బ్రాకెట్టు తోబుట్టువే. క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థలో కోడ్ మారిస్తే సవాలక్ష పరీక్షలు, దశలవారీ విడుదల. ఆ రోజు వెళ్లింది కోడ్ కాదు, కంటెంట్ ఫైలు. దాన్ని ఒక వ్యాలిడేటర్ చూసి సరే అంది. ఆ వ్యాలిడేటర్‌లోనే లోపం. సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడుకున్నాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. డిజిటల్ ఇండియాలో ఎవరి దస్తూరీ బాగుందో ఆ రోజు తెలిసింది.

డెల్టా ఎయిర్‌లైన్స్ తనకి 50 కోట్ల డాలర్లు పోయాయంది. కాంట్రాక్టు ప్రకారం మా బాధ్యత కోటి డాలర్ల లోపే అని క్రౌడ్‌స్ట్రైక్ లాయర్లు ఉత్తరం రాశారు. చూశారా, కాంట్రాక్టులకి కచ్చితంగా రాయడం రాదని మనం అపోహపడుతున్నాం. బాధ్యతకి హద్దు గీసే చోట ఏ లాయరూ "తగిన మేరకు" అని రాయడు.

ఇక అసలు పని జరిగే చోటికి వద్దాం. కాంట్రాక్టు న్యూయార్క్‌లోనో లండన్‌లోనో ఉంటుంది. రిగ్రెషన్ గచ్చిబౌలిలో జరుగుతుంది. రెండూ ఎప్పుడూ ఎదురుపడవు.

"అన్నా, ఈసారి రిగ్రెషన్ ఎంతవరకు చెయ్యాలె?"

"రిలీజు పన్నెండింటికి."

"అది కాదన్నా, ఎన్ని కేసులు?"

"పన్నెండింటి లోపల ఎన్నయితే అన్ని."

ఆరేళ్ల కింద ఎవరో రాసిపెట్టి విదేశం వెళ్లిపోయిన ఎక్సెల్ షీటు ఉంటుంది. రావలసిన ఫలితం అనే గడిలో "ఎప్పటిలాగే" అని ఉంటుంది. ఎప్పటిలాగే అంటే ఎలాగో తెలిసినవాడు విదేశంలో ఉన్నాడు. పన్నెండింటికి రిపోర్టు వెళ్తుంది: వంద శాతం పాస్. అబద్ధం ఒక్క అక్షరం ఉండదు. నడిపినవన్నీ పాసయ్యాయి. నడపనివి ఫెయిలైనట్టు ఎవరూ నిరూపించలేరు. ఈమధ్య దీనికి ఏఐ కూడా తోడైంది. ఎన్ని నడపక్కర్లేదో అదే చెబుతుందట. మనుషులకి ఆ తెలివి ముందునుంచీ ఉంది.

సోమవారం క్లయింటు ఫోను. పాత నెలవారీ రిపోర్టు తెరుచుకోవడం లేదు. "అది ఈ రిలీజు స్కోపులో లేదండీ" అంటాడు డెలివరీ మేనేజరు వినయంగా. అదీ నిజమే, ఆ రిపోర్టుని ఎవరూ ముట్టుకోలేదు. కావాలంటే చేంజ్ రిక్వెస్టు పెట్టుకోవచ్చు. అంటే పోయినేడాది డబ్బిచ్చి కొనుక్కున్నదాన్ని ఈ ఏడాది డబ్బిచ్చి వెనక్కి తెచ్చుకోవచ్చు. క్లయింటు మేనేజరు మాత్రం తక్కువవాడా? తన యూజర్లు యాక్సెప్టెన్స్ టెస్టింగ్‌లో చూడాల్సిందంతా "విక్రేత రిగ్రెషన్‌లో వస్తుందిలే" అని వదిలేసి సైన్-ఆఫ్ ఇచ్చింది ఆయనే.

నిజం చెప్పాలంటే సరైన నిర్వచనానికి అర పేజీ చాలు. ఏ రిలీజుతో పోల్చి చూడాలి. కాన్ఫిగరేషనూ డేటా కలుపుకుని ఏ మార్పు వస్తే చూడాలి. ఏ పరీక్షల జాబితా, ఆ జాబితా ఎవరి సొత్తు, దాన్ని ఎప్పటికప్పుడు సరిచూసేది ఎవరు. నిన్న పనిచేసింది నేడు ఆగితే ఎవరి ఖర్చు. అన్నీ పరీక్షించడం ఎవరి తరమూ కాదు. ఇంజనీర్ల సంస్థ ఐట్రిపుల్‌ఈ 1990 నాటి పదకోశం కూడా రిగ్రెషన్‌ని ఎంపిక చేసి మళ్లీ పరీక్షించడమనే అంది. కాబట్టి ఏవి వదిలేస్తున్నామో పేర్లతో సహా రాసి, దాని కింద ఉభయులూ సంతకం చెయ్యాలి. ఎంపిక ఎవరిదో రాయనిచోట ఎంపిక గోడగడియారానిదే అవుతుంది.

ఇదంతా విని, నిర్వచనం రాసుకోవడానికి ఎట్టకేలకు ఇద్దరూ ఒప్పుకున్నారనే అనుకుందాం. కాంట్రాక్టుకి సవరణ కావాలి కాబట్టి అది చేంజ్ రిక్వెస్టు. విక్రేత 80 గంటలకి అంచనా పంపుతాడు, క్లయింటు బేరమాడి 60కి దించుతాడు. కొత్త క్లాజు పాత కాంట్రాక్టులోకి ఎక్కుతుంది. అది ఎక్కాక వారంటీ క్లాజు, పేమెంటు క్లాజు, 14వ పేజీలోని యాక్సెప్టెన్స్ క్లాజు ఇంకా ఎప్పటిలాగే పనిచేస్తున్నాయా అని ఒక జూనియర్ లాయరు అడుగుతాడు. తగ్గించిన ఆ 20 గంటలూ దాని కోసం పెట్టినవేనట.