పందిరి పెంచారు, విస్తరి ఏదీ?

ప్రపంచకప్‌ ఫుట్‌బాల్‌లో జట్లు 32 నుంచి 48కి పెరిగాయి. పందిరి ఎంత పెంచినా మన విస్తరి మాత్రం పడలేదు. లక్షన్నర జనాభా ఉన్న కరీబియన్‌ దీవి కురసావ్‌ 2026 టోర్నీకి దర్జాగా అర్హత సాధించింది. 140 కోట్ల మందిమి మనం టీవీ ముందు సోఫాకి అర్హత సాధించాం.

1950లో ప్రత్యర్థులు తప్పుకోవడంతో బంతి తన్నకుండానే బ్రెజిల్‌లో జరిగే ప్రపంచకప్‌కు మనకు పిలుపొచ్చింది. మనవాళ్లే వెళ్లలేదు! హైదరాబాదీ కోచ్‌ రహీమ్‌ సాబ్‌ శిక్షణలో మన జట్టు 1956 ఒలింపిక్స్‌ ఫుట్‌బాల్‌లో నాలుగో స్థానంలో నిలిచిందంటే ఈతరం కుర్రాళ్లు వాట్సాప్‌ పుకారనుకుంటారు.

అయినా బెంగ వద్దు. 2030 పోటీలను మూడు ఖండాల్లో, ఆరు దేశాల్లో పరుస్తున్న ఫిఫా ఉదారత మామూలుది కాదు. జట్లను 150 చేస్తే మనకూ చోటు దొరకొచ్చు... ఓ నలుగురు తప్పుకుంటే!