మాజీ గారి ఏటి సూతకం

జర్మనీ మాజీ చాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్‌ను ఇరవై ఏళ్లుగా లోకమంతా ఆడిపోసుకుంటోంది గానీ, తాను చేసిన చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించిన అరుదైన నాయకుడాయన అన్న సంగతి ఎవరికీ పట్టలేదు. పనిచేయకుండా కూర్చునే హక్కు మన సమాజంలో ఎవరికీ లేదని 2001లోనే ఆయన గట్టిగా చెప్పారు. 2003 మార్చిలో 'అజెండా 2010' ప్రకటించారు. 2005 జనవరి 1 నుంచి 'హార్ట్జ్ 4' అమల్లోకి వచ్చింది. దీర్ఘకాలం పని లేనివాడు పాత హోదా పట్టుకు వేలాడకుండా దొరికిన పనికి వెళ్లాలన్నది దాని సారం. భత్యం కావాలంటే పదహారు పేజీల ఫారం నింపాల్సి వచ్చేది. ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారు, బ్యాంకులో ఎంత దాచారు, కారుందా, ఇంకెక్కడి నుంచైనా రాబడి వస్తోందా, అన్నీ రాయాల్సి వచ్చేది. అంతా రాసి సంతకం పెడితే ఒంటరి మనిషికి పశ్చిమాన నెలకు 345 యూరోలు, తూర్పున 331 వచ్చేవి. ఆ ఏడాది నవంబరు 22న ష్రోడర్ గారి ఉద్యోగమే పోయింది. డిసెంబరు 9కల్లా కొత్త పని ఖాయమైన కబురు వచ్చేసింది. పదిహేడు రోజులు! నిరుద్యోగి అంటే ఇలా ఉండాలి.

దొరికిన పని రష్యా నుంచి బాల్టిక్ సముద్రం అడుగున జర్మనీకి గ్యాస్ తెచ్చే గొట్టం కంపెనీలో వాటాదారుల కమిటీకి అధ్యక్షత. తర్వాత నార్డ్ స్ట్రీమ్ అని పేరు మార్చుకున్న ఆ కంపెనీలో 51 శాతం రష్యా సర్కారు చేతిలోని గాజ్‌ప్రోమ్‌ది. జీతం ఏడాదికి 2,50,000 యూరోలు. ఆనాడు ఆయన చట్టం ఇచ్చిన భత్యం లెక్కన అరవై మంది ఏడాది బతకాల్సిన సొమ్ము. విమర్శలకు ఆయనవైపు నుంచి వచ్చిన జవాబు సారం: పదవి దిగిపోయాక ఇది నా సొంత వ్యవహారం. సరే, సొంత వ్యవహారమే అనుకుని తేదీలు చూద్దాం. ఆ గొట్టం ఒప్పందం మీద బెర్లిన్‌లో సంతకాలైంది 2005 సెప్టెంబరు 8న. పక్కన నిలబడి సాక్షులుగా ఉన్నది పుతిన్, ష్రోడర్. పదో రోజున ఎన్నికలు. ఓటమి తేలిపోయి, కొత్త ప్రభుత్వం కోసం బేరాలు నడుస్తుండగా, అక్టోబరు 24న దిగిపోతున్న సర్కారు గాజ్‌ప్రోమ్ తీసుకోబోయే సుమారు 100 కోట్ల యూరోల అప్పుకు పూచీకత్తు మంజూరు చేసింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. గాజ్‌ప్రోమ్ ఆ పూచీని వాడుకోలేదు, తనకు ఆ సంగతే తెలియదని ష్రోడర్ అన్నారు. నమ్ముదాం. తన కాబినెట్ చివరి రోజుల్లో ఏం జరుగుతోందో తెలియని మనిషిని ఏ అనుభవం చూసి ఆ కంపెనీ అధ్యక్షుణ్ణి చేసిందన్నది మాత్రం మిగిలిపోయే ప్రశ్న.

మాజీలను వెనకేసుకొచ్చేవాళ్లు ముందుగా చెప్పేది ఈ అనుభవం గురించే. నలభై ఏళ్లు పండిన బుర్రను పదవి పోగానే అటకెక్కిస్తే దేశానికే నష్టమట. వినడానికి బాగుంది. కానీ ష్రోడర్ గారి అనుభవం దేనిలో? దుకాణంలో పని నేర్చుకుని, రాత్రి బడుల్లో చదివి, లాయరై, లోయర్ సాక్సనీకి ముఖ్యమంత్రై, చాన్సలరయ్యారు. ఈ దారిలో ఎక్కడా సముద్రం అడుగున గొట్టాలు అతికే పని తగల్లేదు. ఆయనకు తెలిసింది మనుషులు. ఏ శాఖలో ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఆగుతుందో, ఎవరికి ఫోను చేస్తే కదులుతుందో తెలుసు. ఆ ఎరుక ఆయన పొలంలో పండింది కాదు. ప్రజలిచ్చిన కుర్చీలో ఏడేళ్లు కూర్చుంటే అబ్బింది. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కిటికీ రెక్కలు ఊడబీక్కుపోయే కిరాయిదారును ఎవరైనా అనుభవజ్ఞుడంటారా?

ఆ కాబినెట్‌లో ఈ విద్య ఆయన ఒక్కరిదే కాదు. 2002లో విద్యుత్ కంపెనీ ఎయాన్ దేశంలోని అతి పెద్ద గ్యాస్ కంపెనీ రూర్‌గ్యాస్‌ను మింగుతానంది. పోటీ దెబ్బతింటుందని కార్టెల్ నియంత్రణ సంస్థ వద్దంది. ఆర్థిక వ్యవహారాల మంత్రి వెర్నర్ ముల్లర్ ఒకప్పుడు ఎయాన్ పూర్వపు కంపెనీలో పనిచేసినవారు కాబట్టి మర్యాదగా పక్కకు తప్పుకున్నారు. ఆయన కింది కార్యదర్శి ఆల్ఫ్రెడ్ టాకె ప్రత్యేక అనుమతి ఇచ్చారు. 2003లో ముల్లర్, ఎయాన్‌కు పెద్ద వాటా ఉన్న ఆర్‌ఏజీ అనే బొగ్గు కంపెనీకి అధిపతయ్యారు. మరుసటేడు దాని పిల్ల కంపెనీ స్టీగ్‌కు టాకె అధిపతయ్యారు. చట్ట ప్రకారం ఎక్కడా తప్పు లేదు. ఆ ఎయానే నార్డ్ స్ట్రీమ్‌లో గాజ్‌ప్రోమ్‌కు భాగస్వామి అయింది. ఇక పర్యావరణ పార్టీ నుంచి వచ్చిన విదేశాంగ మంత్రి యోష్కా ఫిషర్ 2009లో నబుకో అనే పోటీ గొట్టానికి సలహాదారయ్యారు. ఏడేళ్లు ఒకే ప్రభుత్వాన్ని నడిపిన ఇద్దరు పెద్దలు పదవి దిగాక చెరో గొట్టం అమ్ముకోవడం మరే దేశంలో జరిగిందో నాకు తెలియదు. (మన దగ్గర వరస తిరగబడి ఉంటుంది. ముందు కాంట్రాక్టరవుతారు, తర్వాతే ఎమ్మెల్యే. ఆ రకంగా మన పద్ధతిలో దాపరికం తక్కువ.)

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ష్రోడర్ ఉన్నా లేకున్నా ఆ గొట్టం వచ్చేదే, ఆయన్ని ఓడించిన మెర్కెల్ కూడా ఆ దారినే నడిచారు కదా అంటారు. నిజమే. 2011 నవంబరు 8న లుబ్మిన్‌లో రష్యా అధ్యక్షుడు మెద్వెదేవ్‌తో కలిసి మొదటి గొట్టం వాల్వు తిప్పింది మెర్కెలే. క్రిమియాను రష్యా లాక్కున్న మరుసటేడు, 2015లో, రెండో గొట్టానికి కంపెనీలు ఒప్పందం చేసుకుంటే అది వ్యాపార వ్యవహారమని ఊరుకున్నదీ ఆమె ప్రభుత్వమే. అయితే ఈ వాదన ష్రోడర్‌ను కాపాడదు, మరింత ఇరుకున పెడుతుంది. ఆయన వల్ల ఒరిగిందేమీ లేకపోతే గాజ్‌ప్రోమ్ ఏటేటా రెండున్నర లక్షల యూరోలు దేనికిచ్చింది? అదేమన్నా ధర్మసత్రమా? 2004లో టీవీలో పుతిన్ మచ్చలేని ప్రజాస్వామ్యవాదేనా అని అడిగితే అవునని తలూపిన మనిషి, క్రిమియా పోయిన నెలన్నరకే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తన డెబ్బయ్యో పుట్టినరోజు విందుకు వచ్చిన పుతిన్‌ను కౌగిలించుకున్న మనిషి, 2017లో రష్యా చమురు కంపెనీ రాస్‌నెఫ్ట్‌కు బోర్డు అధ్యక్షుడయ్యారు. పనికిరానివాడికి రెండో కుర్చీ వేస్తారా?

అసూయతో అంటున్నారని ఇంకో మాట. నాన్న యుద్ధంలో పోతే, అమ్మ ఇళ్లు తుడిచి పెంచిన పిల్లవాడు నాలుగు డబ్బులు సంపాదిస్తే ఓర్వలేకపోతున్నారట. వృత్తి ఎంచుకునే స్వేచ్ఛ జర్మన్ రాజ్యాంగం 12వ అధికరణంలోనే ఉందిగా అంటారు. ఉంది. కానీ ఆ అమ్మలాంటి పనిమనిషికి పని పోతే పదహారు పేజీలు రాయించుకున్నదీ ఆ కొడుకు సర్కారే. ఆమె ఏ పని చేయాలో ఎంచే అధికారి ఉంటాడు. మాజీ చాన్సలర్‌కు 2005లో ఆ బాధ లేదు.

పదేళ్లు గడిచి, ఒక మంత్రి బీమా కంపెనీకి, ఇంకొకాయన ఆయుధాల కంపెనీకి, చాన్సలర్ కార్యాలయాన్ని నడిపినాయన రైల్వేకు వెళ్లాక, 2015లో ప్రభుత్వం సిగ్గుపడి ఒక చట్టం చేసింది. దాన్ని ఏటి సూతకమనడమే న్యాయం. దిగిన మంత్రి ఏడాదిన్నర లోపు కొత్త ఉద్యోగం చూసుకుంటే ముందే చెప్పాలి. పాత శాఖతో చిక్కు కనబడితే ప్రభుత్వం పన్నెండు నెలలు ఆపవచ్చు, మరీ ఘోరమైతే పద్దెనిమిది. ఆపినన్నాళ్లూ ఖజానా నుంచి భత్యం వస్తుంది. పండగలు చేసుకోకుండా ఏడాది ఓపిక పడితే సంవత్సరీకం నాటికి మైల పోతుంది. ఇదే చట్టం 2005లో ఉండి, అత్యంత కఠినంగా ఆపి ఉంటే, ష్రోడర్ గారు 2007 మే చివరికి శుద్ధి అయిపోయేవారు. గొట్టం వేయడం మొదలైందే 2010 ఏప్రిల్లో. సూతకం తీరి, ఒక్క గొట్టమన్నా నీళ్లలో పడకముందే మూడేళ్లు జీతం తీసుకోవచ్చు. బ్రిటన్‌లో మంత్రులకు రెండేళ్ల మైల. ప్రధాని పదవిని 2016 జులైలో వదిలిన డేవిడ్ కామెరాన్ గ్రీన్‌సిల్ అనే అప్పుల కంపెనీలో సలహాదారుగా చేరింది 2018 ఆగస్టులో, అంటే మైల తీరిన మరుసటి నెల. 2020లో ఆ కంపెనీ కోసం మంత్రులకూ అధికారులకూ పదుల కొద్దీ మెసేజీలు పంపారు. కంపెనీ 2021లో కుప్పకూలింది. విచారణ సంఘాలు ఆయన నియమం తప్పలేదని తేల్చాయి. 2023లో ఆయనే మళ్లీ ప్రభుత్వంలోకి వచ్చి విదేశాంగ మంత్రి అయ్యారు.

సొంత వ్యవహారం అన్న మాటకు అసలు పరీక్ష 2022లో వచ్చింది. ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక కూడా ష్రోడర్ రాస్‌నెఫ్ట్ కుర్చీ వెంటనే వదల్లేదు. మాజీ చాన్సలర్ హోదాలో ఆయనకు పార్లమెంటు భవనాల్లో ఆఫీసు గదులు, సిబ్బంది ఉండేవి. సిబ్బందికే ఏటా 4,00,000 యూరోలకు పైగా ఖర్చు. ఆ సిబ్బందే ముందు దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. మే 19న పార్లమెంటు బడ్జెట్ కమిటీ ఆఫీసు ఎత్తేసింది. మర్నాడు రాస్‌నెఫ్ట్ నుంచి తప్పుకుంటున్నట్టు కబురొచ్చింది. పార్టీ మాత్రం ఆయన్ని వెలివేయలేకపోయింది, నియమావళి ప్రకారం తప్పేం కనబడలేదంది. అప్పుడు ష్రోడర్ గారు కోర్టుకెక్కారు. మాజీ చాన్సలర్‌గా తనకు ఆఫీసు ఇవ్వడం ఆనవాయితీ అని, దాన్ని లాక్కోవడానికి వీల్లేదని వాదించారు. 2023లో బెర్లిన్ కోర్టు కాదంది, 2024లో పై కోర్టు కాదంది, 2025 ఏప్రిల్ 10న లైప్‌జిగ్‌లోని ఫెడరల్ పరిపాలనా న్యాయస్థానం కూడా కాదంది. జీతం తీసుకునేటప్పుడు సొంత మనిషి, బల్లా కుర్చీ అడిగేటప్పుడు మాజీ చాన్సలర్. పెన్షనూ అంగరక్షణా మాత్రం అలాగే ఉన్నాయి. వాటి కోసం ఆయన పదహారు పేజీల ఫారమేమీ నింపనక్కర్లేదు.