వడ్డీ లేని ప్రేమ

నల్లమాడలో టీ అంగడి ముందు ఆపిన ఓ కుర్రాడి బండి మీద స్టిక్కరు చూశాను. ‘ఫీల్ మై లవ్’ అని ఎర్రటి అక్షరాలు, సగం ఊడిపోయాయి. ఆ పాట ఉన్న ‘ఆర్య’ సినిమా వచ్చింది 2004 మే 7న. అప్పటికి ఆ పిల్లోడు పుట్టినట్టే లేడు. స్టిక్కరు మాత్రం పిత్రార్జితంలా వచ్చినట్టుంది.

‘ఆర్య’ దర్శకుడిగా సుకుమార్ తొలి సినిమా. అంతకుముందు చాలామంది హీరోలకు ప్రేమకు ప్రేమ దక్కాల్సిందే. ఈ హీరో ఆర్య వచ్చి, నువ్వెవరిని ప్రేమించుకున్నా సరే, నా ప్రేమను ఫీలైతే చాలన్నాడు. కొత్తగా ఉందని హాల్లో ఈలలు. నేనూ వేశాను, దాచేదేముంది! తీరా లెక్క చూసుకుంటే అది షావుకారు కథ. వడ్డీ వద్దు, అసలూ వద్దు, నోటు మీద సంతకం పెడితే చాలంటాడు. చివరికి ఇల్లూ వాకిలీ ఆయన పేరు మీదే ఉంటాయి. ఇంకొకడితో పెళ్లిదాకా వెళ్లిన హీరోయిన్ గీత కూడా ఆఖర్న ఆర్య దగ్గరికే వచ్చింది. వన్ సైడ్ లవ్ అని టికెట్టు అమ్మి, రెండు వైపులా వసూలు చేశారు.

గీత ముందున్నది ఎవరెవరు? ఐలవ్యూ చెప్పకపోతే మేడ మీంచి దూకుతానన్న అజయ్ ఒకడు. వద్దన్నా నీడలా తిరిగే ఆర్య ఒకడు. ‘ఇద్దరూ వద్దు’ అనే గడి ఆ పరీక్ష పేపర్లో అచ్చే వేయలేదు. 1953 నాటి దేవదాసే నయం, దక్కని ప్రేమకు తాగి తన ఒళ్లే గుల్ల చేసుకున్నాడు.

అదే 2004లో విజయవాడలో, కాదన్నందుకు ఒక విద్యార్థినిని వెంటపడుతున్నవాడే తరగతి గదిలో నరికి చంపాడు. సినిమా చూసే చేశాడని నేననను. కానీ వెంటపడటం నేరమని చట్టానికి తట్టడానికి 2013 దాకా పట్టింది. మొదటిసారి దొరికితే మూడేళ్ల వరకూ జైలు. హీరోకైతే ఆ పనికే పాటలు.

అయినా వన్ సైడ్ లవ్ సంగతి ఈ అనంతపురం సీమకు సినిమావాళ్లా చెప్పేది? చెనక్కాయ విత్తనం సిద్ధం చేసుకుని ఏటా మబ్బుకేసి చూసే నేల ఇది. ఏడాదంతా కలిపి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ ఆ మబ్బుకు బుద్ధి పుడితే. నల్లమాడ మీద కమ్ముకుంటుంది, బుక్కపట్నం పోయి కురుస్తుంది. ఇన్నేళ్లలో ఆ మబ్బు మీద ఎవడూ కత్తెత్తలేదు.

అంగట్లో బెంచీ మీదున్న తాత కుర్రాణ్ణి అడిగాడు: “ఏం అబ్బీ, ఆ పాప ఏమంటాది?”

“వొద్దంటాది తాతా.”

“మల్ల?”

“ఇంకా ఫీల్ కాలేదు.”

తాత గ్లాసు కింద పెట్టాడు. “బోరులో నీళ్లు రాకుంటే మేము మోటరు ఆపేస్తాం రా. ఆపకుంటే కాలిపోతాది.”

పిల్లోడు నవ్వి, ఫోన్లో టైము చూసుకుని, బండి కిక్కు కొట్టాడు. కాలేజీ బస్సు వచ్చే వేళైంది.