సెట్ అయితది సార్

"చెక్క తడి లాగింది సార్. ఎండలొస్తే సెట్ అయితది" అన్నాడు వడ్రంగి మేస్త్రి, వానాకాలంలో. ఎండలొచ్చాయి. తలుపు మటుకు నేలకి రాసుకుంటూనే ఉంది. మళ్లీ పిలిస్తే వచ్చాడు. తలుపుని అటూ ఇటూ ఊపి, పుచ్చకాయ బేరమాడేవాడిలా వేలితో రెండు దెబ్బలు కొట్టి, చెవి పెట్టి విన్నాడు. "ఎండకి గుంజుకుంది సార్. నాలుగు చినుకులు పడనియ్యండి, సెట్ అయితది" అన్నాడు. అంటే మా తలుపు బాగుపడాలంటే ఎండా వానా రెండూ లేని కాలం రావాలి. పంచాంగంలో ఉన్న ఆరు ఋతువుల్లో అలాంటిదేదీ లేదు.

అడుగున చిత్రిక పట్టి ఒక్క నూలు తీసేస్తే పోయే రోగమది. ఆ సంగతి నాకు తెలుసు, మేస్త్రికి తెలుసు, సంచీ మోసుకొచ్చిన కుర్రాడికీ తెలుసు. వాడు చిత్రిక బయటికి తీశాడు కూడా. మేస్త్రి వాడి వైపు ఒక చూపు చూశాడు. చిత్రిక మళ్లీ సంచీలోకి వెళ్లిపోయింది. బందులు ఊడదీసి తలుపు దించడమంటే అరపూట పని. 'సెట్ అయితది' అనడం అరక్షణం పని. కూలి రెండింటికీ ఒకటే అయినప్పుడు ఏ బుద్ధిమంతుడైనా రెండోదే ఎంచుకుంటాడు. హాల్లో టైలు మీద మాత్రం అర్ధచంద్రాకారంలో గీత తేలింది. వచ్చిన చుట్టాలు అది డిజైనేమో అనుకుంటున్నారు. మా ఆవిడ అవునంటోంది.

ఒకసారి చెవిన పడ్డాక ఇక ఎక్కడికి పోయినా ఇదే మాట. బూటు మడమ కొరుకుతోందంటే, తొడగ్గా తొడగ్గా సెట్టవుద్దంటాడు కొట్టువాడు. దూరానికీ దగ్గరికీ కలిపి ఒకటే కళ్లజోడు చేయించుకున్నాను. పెట్టుకుని మెట్లు దిగబోతే ఆఖరి మెట్టు నేలకి జానెడు పైన తేలుతోంది. కంచంలో ఆవకాయ ముక్కకి వేలు పెడితే పక్కనున్న పప్పులో పడుతోంది. వెళ్లి అడిగితే, "అద్దాల్లో లోపమేం లేదండీ, మీ బ్రెయిన్ సెట్ అవ్వాలి" అన్నాడు. కళ్లు బాగోలేవని పోతే తల బాగోలేదని తేల్చి పంపించాడు. దానికి బిల్లు వేయలేదు, ధర్మాత్ముడు.

అయితది, అవుద్ది, అవతాది, అయిపోతుంది. రాష్ట్రం 2014లో రెండయింది గానీ ఈ క్రియ ఇంకా ఉమ్మడి ఆస్తే. పంపకాల జాబితాలో ఎవరూ దీన్ని అడగలేదు, అక్కడా ఇక్కడా సమృద్ధిగా ఉంది కాబట్టి.

ఇంగ్లిషువాడు ఈ 'సెట్'తో అసలేం చేస్తాడో చూద్దామని ఒళ్లు మండి డిక్షనరీల జోలికి పోయాను. పోవలసింది కాదు. తలుపు సంగతి మరిచిపోయి నాలుగు రాత్రుళ్లు అక్కడే ఉండిపోయాను. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ 1989లో రెండోసారి అచ్చయినప్పుడు, అందులో 'సెట్' అనే ఒక్క క్రియకి దాదాపు 430 అర్థాలు, 60 వేల మాటల వివరణ ఉన్నాయట. 60 వేల మాటలంటే ఓ మోస్తరు నవల. అందులో సూర్యుడు అస్తమిస్తాడు, జిలేబీ కాదు గానీ జెల్లీ గడ్డకడుతుంది, విరిగిన ఎముక కుదురుకుంటుంది, గడియారానికి అలారం పెడతారు, వాకిట్లో బల్ల వేస్తారు, ఎవడిదో కొంపకి నిప్పు పెడతారు. అన్నిటికీ ఈ ఒక్క మూడక్షరాల ముక్కే.

ఆ డిక్షనరీ పుట్టిన కథ ఇంకా ముచ్చటైనది. జేమ్స్ మర్రే అనే బడిపంతులు 1879లో దానికి సంపాదకత్వం ఒప్పుకున్నాడు. ఇంటి ఆవరణలో ఇనుప రేకులతో ఒక షెడ్డు వేసి, దానికి స్క్రిప్టోరియం అని గంభీరమైన పేరు పెట్టి, చుట్టూ గూళ్లు కట్టించి కూర్చున్నాడు. దేశదేశాల నుంచి ఔత్సాహికులు చీటీల మీద వాక్యాలు రాసి పంపేవారు. ఆక్స్‌ఫర్డ్‌కి మకాం మార్చాక ఆ ఉత్తరాల తాకిడికి తట్టుకోలేక తపాలా శాఖవారు ఆయన ఇంటి ముందే ఓ డబ్బా పాతారు. మొత్తం పదేళ్లలో అయిపోతుందని ఒప్పందం. అయిదేళ్లు గడిచాక 1884లో మొదటి భాగం వచ్చింది. ఎక్కడిదాకా? 'యాంట్' దాకా. అంటే చీమ దాకా. నడక కూడా దానిదే. మొదటి భాగం మీద హెన్రీ బ్రాడ్లీ అనే ఆయన ఘాటుగా, పండితుడిలా సమీక్ష రాస్తే, ఇతనెవరో బాగానే రాశాడని తర్వాత ఆయన్నే పనిలోకి తీసుకున్నారు. మన దగ్గర సమీక్ష ఘాటుగా రాసినవాడికి మరుసటి నెల నుంచి పత్రిక రాదు.

పాపం ఆ బ్రాడ్లీ వంతుకే 'ఎస్' మొదటి భాగం వచ్చింది. అందులో ఈ 'సెట్' ఉంది. మర్రే 1915లో పోయాడు, బ్రాడ్లీ 1923లో పోయాడు, డిక్షనరీ 1928లో పూర్తయింది. మధ్యలో 'బాండ్‌మెయిడ్' అనే మాట చీటీలు ఎక్కడో పారేసుకున్నారు, ఆ మాట లేకుండానే ఆ భాగం అచ్చయింది. అయినా ఒక్కరు కూడా, పోనీలెండి, అదే సెట్టవుద్ది అనుకోలేదు. చీటీ తరువాత చీటీ చేత్తో సర్దారు. ఆ రేకుల షెడ్డు తలుపు నేలకి రాసుకునేదో లేదో మాత్రం ఏ చరిత్రకారుడూ రాయలేదు. నాకు ఆసక్తి ఉన్నది అక్కడే.

తర్వాత 'రన్' అనే క్రియ 645 అర్థాలతో 'సెట్'ని దాటేసిందని తెలిసింది. దాన్నొక్కదాన్ని సవరించడానికే ఒక సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టిందట. కడుపుతో ఉన్నవాళ్లకి పట్టే టైమే. సరే, ఇక్కడితో ఆపుతాను. మా ఆవిడ అప్పటికే, "ఆ నాలుగు రాత్రుళ్లూ గరుకు కాగితం పట్టుకుని కూర్చున్నా తలుపు అరిగిపోయేది" అంది.

నా గోడల్లా ఇది. వాళ్ల 430 అర్థాల్లో చాలావాటికి వెనక ఓ మనిషి ఉంటాడు. ఎవడో ఒకడు పెడతాడు, కుదురుస్తాడు, నిలబెడతాడు. మన దగ్గరా మొదట్లో 'సెట్ చేస్తాను' అనే అనేవారు. టీవీలో చుక్కలొస్తే మిద్దె మీద ఒకడు యాంటెన్నా తిప్పుతూ "సెట్ చేశాను, వచ్చిందా?" అని అరిచేవాడు. కింద నుంచి మరొకడు "కాస్త ఎడమకి" అని అరిచేవాడు. ఇప్పుడు 'చేస్తాను' పోయింది, 'అయితది' మిగిలింది. చేసేవాడు వాక్యంలోంచి లేచి వెళ్లిపోయాడు, బిల్లు మాత్రం వదిలి. శెట్టి సింగారించుకునేలోగా పట్నం కొల్లబోయిందని పూర్వం అనేవారు. ఇప్పుడు సెట్టయ్యేలోగా పోతోంది.

ఈ మాట నిజాయితీగా వాడేవాళ్లు నాకు తెలిసి సిమెంటు మేస్త్రులొక్కరే. మన దేశపు ప్రమాణాల ప్రకారం మామూలు సిమెంటు మొదటి 30 నిమిషాల్లో గట్టిపడటం మొదలెట్టకూడదు, 600 నిమిషాల్లోగా గట్టిపడి తీరాలి. అదీ సెట్టవడం అంటే. దానికో గడువుంది, పరీక్షించే సూది ఉంది. అంతటితో వదిలేయరు. స్లాబు మీద ఇసుకా సిమెంటుతో చిన్న చిన్న గట్లు కట్టి, మడులు చేసి, రోజుల తరబడి నీళ్లు నిలబెడతారు. దానంతటదే అవుద్దని వదిలేస్తే బీటలు వారుతుందని ఆ మేస్త్రికి తెలుసు.

పిల్లల చదువుల్లోనూ ఇదే మాట. ఎంసెట్, ఐసెట్, ఈసెట్, లాసెట్, ఎడ్‌సెట్. వైద్యం సీట్లు నీట్‌కి వెళ్లిపోయాక ఎంసెట్ పేరు ఆంధ్రలో 2021లో, తెలంగాణలో 2024లో ఈఏపీసెట్ అయింది. ముందున్న అక్షరాలు మారాయి, 'సెట్' కదల్లేదు. కదిలిస్తే తల్లిదండ్రులు ఒప్పుకోరు. ఆ సెట్టు రాస్తేనే కదా ఈ లైఫ్ సెట్టయ్యేది!

మా వదినగారబ్బాయి సెట్టు రాశాడు, ఇంజనీరింగ్ చదివాడు, ఇప్పుడు తెలంగాణ గ్రూప్-1కి చదువుతున్నాడు. అశోక్‌నగర్‌లో ముగ్గురితో కలిసి ఓ గది. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకి నోటిఫికేషన్ పడింది. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశాడు. పేపరు లీకయిందని అది రద్దు. 2023 జూన్‌లో మళ్లీ రాశాడు. అదీ హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషనే తీసేసి, 563 పోస్టులతో కొత్తది వేశారు. మళ్లీ మొదటి పేజీ.

మొన్న ఆ పక్కకి పనుండి వెళ్లి వాణ్ణి చూశాను. గోడకి మ్యాపు, మ్యాపు కింద చెప్పుల వరుస, కిటికీకి ఆరేసిన తువ్వాలు. వదిన ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టాడు. "ఈసారి పక్కా సెట్ అయితది బిడ్డా, టైముకి తిను" అంటోంది. మేస్త్రి అన్నప్పుడు ఒళ్లు మండిన మాటే. ఆవిడ అంటుంటే మండలేదు. ఆవిడ సంచీలో చిత్రిక లేదు. ఉన్నవాళ్లు వేరే.

వాడు "సరే అమ్మా" అని పెట్టేసి, మంచం మీదున్న జనరల్ ఇంగ్లిష్ పుస్తకం మూశాడు. మెయిన్స్‌లో అది పాసయితే చాలు, కానీ పాసవ్వాలి. నా డిక్షనరీ పాండిత్యం ప్రదర్శించే అవకాశం వచ్చింది కదా అని 'సెట్' గురించి మొదలెట్టబోయాను.

"అది ఈజీ బాబాయ్" అన్నాడు. "చానా క్రియలు కాలంతో మారుతయి. గో, వెంట్, గాన్. ఇది మారదు. ప్రెజెంట్ అదే, పాస్ట్ అదే, పార్టిసిపుల్ కూడా అదే."

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"ఉన్నయి. కట్, పుట్, షట్, హర్ట్..." అంటూ టైం చూసుకున్నాడు. మెస్సు మూసేస్తారట. చెప్పులేసుకున్నాడు.