లిస్బన్‌లో సెన్యోర్, చుండూరులో ఒరేయ్

చుండూరు నడిబజారులో మేడ ఉన్న ఒక సంసారాన్ని ఊహించుకోండి. మాగాణి కౌలుకిచ్చి, తెనాలిలో రైలెక్కి, చివరికి లిస్బన్‌లో తేలింది. ఇంగ్లీషొస్తే లోకమంతా మన గుప్పిట్లోనే అనుకుని ఎల్‌కేజీ నుంచే పిల్లాడికి కాన్వెంటు ఫీజులు పోసిన సంసారం. తీరా చూస్తే అక్కడి రొట్టెల కొట్టావిడకు మన ఇంగ్లీషుతో పనే లేదు. పౌరసత్వం కావాలంటే ఏ2 స్థాయి పోర్చుగీసు వచ్చని రుజువు చూపాలట. సిప్లె అని దానికో పరీక్ష కూడా ఉంది.

పాస్‌పోర్టు మీద ఆశ చెడ్డది. అందరూ నేర్చుకున్నారు. పిల్లాడికి బడిలో బంతాటతో పట్టుబడింది. ఇల్లాలికి అంకెలు రొట్టెల కొట్టే నేర్పింది: గుమ్మం దగ్గర మిషను ఇచ్చిన చీటీ చేత్తో పట్టుకుని, తన నంబరు ఎప్పుడు పిలుస్తారా అని చెవులు రిక్కించి నిలబడేది. నంబరు తప్పితే మళ్లీ చీటీ తీసుకోవాలి మరి! ఊళ్లో తిన్న కంచం ఏనాడూ తీయని ఇంటాయన ఓ హోటల్లో అంట్లు తోముతూ గరిటెలకూ మూకుళ్లకూ పేర్లు నేర్చాడు.

చిక్కంతా మర్యాద దగ్గరొచ్చింది. అక్కడ స్నేహితుణ్ణి 'తు' అంటారు. ముక్కూమొహం తెలియనివాణ్ణి 'ఉ సెన్యోర్' అనాలి. బస్సు డ్రైవరు సెన్యోర్. చెత్తబండి లాగేవాడు సెన్యోర్. మరుగుదొడ్లు కడిగే ఆవిడ సెన్యోర. వీళ్లలో ఎవరు ఎవరింట పుట్టారో ముందుగా కనుక్కునే ఏర్పాటు ఆ దేశంలో లేదు. ఇంటాయనకు నాలుక తిరగలేదు. ఆయన్నని ఏం లాభం? తండ్రి వయసున్న పాలేరును 'ఒరేయ్' అంటూ, ఆ పాలేరు చేత 'అయ్యగారూ' అనిపించుకుంటూ పెరిగాడు. ప్రథమ, మధ్యమ, ఉత్తమ అని మూడు పురుషలుంటాయని పండితులంటారు. మా డెల్టాలో ఉన్నవి రెండే: ఊరి పురుష, పల్లె పురుష.

ఈ వ్యాకరణంలో తప్పు దొర్లితే మార్కులు తీసేసి ఊరుకోరు. 1991లో ఇదే చుండూరు సినిమా హాల్లో ఓ దళిత యువకుడి కాలు ముందు సీటులోని అగ్రకుల కుర్రాడికి తగిలింది. అంతే, దళితులుండే పల్లెను వెలేశారు, పనుల్లోకి పిలవడం మానేశారు. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులంది. చచ్చిన ఎనిమిది మంది లెక్కను మాత్రం ఏ కోర్టూ కొట్టేయలేకపోయింది.

పోర్చుగీసువాళ్లు పుట్టుమర్యాదస్తులని నేననడం లేదు. 1510 నుంచి 1961 దాకా గోవాను వదలని ఘనులు వాళ్లు. వలసవాళ్ల మీద కారాలూ మిరియాలూ నూరే షేగా పార్టీ 2025 ఎన్నికల్లో పార్లమెంటులో రెండో స్థానానికి ఎగబాకింది. ఆ ఊపులో ఉన్నవాడెవడో మన ఇంటాయన్ని వీధిలో ఆపి, 'మీ దేశం పో' అన్నాడనుకోండి. అప్పుడు చూడాలి ఆయన ఆవేశం! పుట్టుక చూసి మనిషిని చులకన చేస్తారా, ఇదేం నాగరికత, మానవ హక్కులేమైపోయాయి అని రాత్రంతా వాట్సాప్‌లో వాయిస్ మెసేజులు. అక్షరం అక్షరం నిజమే మాట్లాడతాడు. ఆ మరుసటి ఆదివారమే ఉగాది కలయికలో పులిహోర తింటూ, కొత్తగా పరిచయమైన తెలుగు కుర్రాణ్ణి నవ్వుతూ అడుగుతాడు:

"తెనాలి దగ్గరేనా బాబూ? ఊళ్లో ఎటువైపు?"

ఎటువైపు అంటే ఏమిటో ఆ కుర్రాడికీ తెలుసు. సిప్లెలో అడగని ప్రశ్న ఇదొక్కటే.

అయ్యా, సంక్రాంతికి ఊరొస్తున్నారని విన్నాం, సంతోషం. చేలో పనిచేసే మనిషిని సెన్యోర్ అనమని ఎవరూ అడగరు. 'గారు' అనండి, చాలు. దానికి వీసా అక్కర్లేదు, పరీక్ష ఫీజూ లేదు.