మూడో రిచర్డ్ యాత్ర: తిరుగులేని ఎనిమిది సలహాలు

లెస్టర్‌లో మాస్టర్స్ చదువుతున్న అబ్బాయినో అమ్మాయినో చూడడానికి ఇంగ్లండు వెళ్తున్నారా? పనిలో పనిగా, 1483 నుంచి 1485 దాకా ఆ దేశాన్ని ఏలిన మూడో రిచర్డ్ తిరిగిన చోట్లు కూడా చూసి రండి. కారు అక్కర్లేదు, రైళ్ళూ బస్సులూ చాలు. ఈ కింది సలహాలు తు.చ. తప్పకుండా పాటిస్తే, ఆ రాజు పడ్డ అవస్థల్లో సగమైనా మీకు అనుభవంలోకి వస్తాయి.

1. రాజు పుట్టిన చోట మొదలుపెట్టి, పోయిన చోట ముగించండి. పుట్టింది 1452లో ఫోదరింగేలో. పెరిగింది ఉత్తరాన యార్క్‌షైర్‌లోని మిడిల్‌హామ్‌లో. పట్టాభిషేకం లండన్‌లో, చావు బాస్వర్త్ యుద్ధంలో, సమాధి లెస్టర్‌లో. మ్యాపు మీద గీస్తే గీత పైకెక్కి, కిందికి దిగి, మళ్ళీ నడిమికొస్తుంది. "లెస్టర్‌లో మకాం పెట్టి ముందు దగ్గరివి చూసుకోండి" అనేవాళ్ళుంటారు. వాళ్ళకి చరిత్రంటే గౌరవం లేదు.

2. ఆదివారమే బయల్దేరండి. పల్లెటూరి బస్సులు చాలావరకు ఆ రోజు తిరగవు కాబట్టి రోడ్లు ప్రశాంతంగా ఉంటాయి. పట్టాల మరమ్మతులు కూడా తరచూ ఆదివారాలే పెట్టుకుంటారు. అప్పుడు రైలు టికెట్టు కొన్నవాళ్ళని బస్సెక్కించి పంపుతారు. ఒక టికెట్టుకి రెండు వాహనాలు! ఇంతకన్నా గిట్టుబాటు ఎక్కడ దొరుకుతుంది?

3. రైలు టికెట్టు వారాల ముందు కొంటే చవగ్గా వస్తుందని ఊరిస్తారు. లొంగకండి. బయల్దేరే పూటే స్టేషన్ కౌంటర్లో, వాళ్ళు చెప్పిన ధరకి కొనండి. రాజుగారి దర్శనానికి వెళ్తూ పెన్నీల లెక్కలేమిటి?

4. ఫోదరింగే వెళ్ళాలంటే పీటర్‌బరోలో దిగండి. అక్కణ్ణుంచి పది మైళ్ళ పైచిలుకు. బస్సుందో లేదో ముందుగా ఆరా తీయకండి, పెట్టేబేడా పట్టుకుని ఊళ్ళోకొచ్చాకే అడగండి. దారంతా గోల్కొండలాంటి కోటని ఊహించుకుంటూ వెళ్ళండి. అక్కడున్నది నెన్ నది పక్కన గడ్డి మొలిచిన ఒక దిబ్బ, కంచె లోపల ఒక రాతిముద్ద. దగ్గర్లో చర్చి ఉంది. అందులో రిచర్డ్ తల్లిదండ్రుల స్మారకాలున్నాయి, మొదటి ఎలిజబెత్ రాణి పెట్టించినవి. అవి చూస్తే వచ్చిన పని అయిందన్న తృప్తి కలిగే ప్రమాదం ఉంది. లోపలికి పోకండి.

5. పల్లెలో బస్సు స్టాపంటే ఒక స్తంభం, దానికి టైంటేబుల్ బిగించిన చిన్న చట్రం. కొన్నిచోట్ల అది రోడ్డుకి ఒకపక్కనే ఉంటుంది, ఎదురుగా పోయే బస్సుకీ అదే గుర్తు. ఊరికే నిలబడితే డ్రైవరు ఆపకపోవచ్చు, చెయ్యి చాపాలి. మీరు మాత్రం పెద్దమనిషి తరహాలో చేతులు కట్టుకుని నిలబడండి. టైంటేబుల్ అడుగున చిన్నక్షరాల్లో "బడి ఉన్న రోజుల్లో మాత్రమే" అని ఉంటే పట్టించుకోకండి. రిచర్డ్ చనిపోయింది ఆగస్టు 22న, అదే తేదీకి వెళ్ళండి. అప్పటికి బడులకి వేసవి సెలవులు.

6. మిడిల్‌హామ్‌కి నార్తలర్టన్‌లో రైలు దిగి, బస్సులో లేబర్న్ చేరి, అక్కణ్ణుంచి ఇంకో రెండు మైళ్ళు పోవాలి. తిరుగు బస్సు ఎన్నింటికో కనుక్కున్నారా, యాత్రలో మజా పోయినట్టే. మిడిల్‌హామ్ పందెపు గుర్రాలకి తర్ఫీదిచ్చే ఊరు. పొద్దున్నే బారులు తీరి, డెక్కల చప్పుడుతో, రోడ్డు మీదే నడిచి మైదానానికి పోతుంటాయి. షేక్‌స్పియర్ నాటకంలో గుర్రం కోసం అల్లాడిన రాజు పెరిగిన ఊళ్ళో గుర్రాలకి కరువు లేదు. కరువంతా బస్సులకే.

7. బాస్వర్త్ వైపు బ్యాటిల్‌ఫీల్డ్ లైన్ అనే రైలు షెంటన్ దాకా పోతుంది. లండన్ కౌంటర్లో షెంటన్‌కి టికెట్టు అడగండి. అది పాత ఇంజన్ల మీద మోజున్నవాళ్ళు నడుపుకునే రైలు, దేశంలోని మిగతా పట్టాలతో దానికి సంబంధమే లేదు. ఎలాగో చేరాక, ఏంబియన్ కొండ మీద జెండా కనబడగానే ఇదే యుద్ధభూమి అని ఫొటో దిగి వచ్చేయండి. ఫిరంగి గుళ్ళూ, రిచర్డ్ చిహ్నమైన అడవిపంది బొమ్మతో బంగారు పూత పూసిన వెండి బిళ్ళా దొరికిన అసలు చోటు అక్కడికి దాదాపు మూడు కిలోమీటర్ల దూరమని 2010లో ప్రకటించారు. ఆ సంగతి వివరంగా చెప్పే ప్రదర్శనశాల ఆ కొండ మీదే ఉంది. అందులోకెళ్తే మీ ఫొటో దండగైపోతుంది.

8. లెస్టర్‌ని పూర్తిగా వదిలేయండి. లండన్ సెయింట్ పాంక్రస్ నుంచి గంట పైచిలుకు రైలు, స్టేషన్లో దిగితే పావుగంట నడక. కెథడ్రల్లో 2015 మార్చిలో మళ్ళీ ఖననం చేసిన రాజు. ఎదురుగానే, 2012లో ఎముకలు బయటపడ్డ గుంత, దాని మీద గాజు నేల. బతికిన ఊళ్ళకి పోదామంటే బస్సు దొరకదు, చచ్చాక మాత్రం స్టేషనుకి కూతవేటు దూరంలో పడుకున్నాడు. ఇంత సుళువుగా అయ్యేదాన్ని యాత్రంటారా? పైగా ఆయన బయటపడింది కారు పార్కింగులో. అయిదొందల ఏళ్ళకి పైగా ఓపిగ్గా ఎదురుచూసింది కారున్నవాళ్ళ కోసమే. బస్సువాళ్ళు వెళ్ళి ఆయన్ని చిన్నబుచ్చకండి.